సినిమాకెక్కని పేజీ

మిరపకాయ కోతలకి వలసపోయే కుటుంబాల సంగతి ఇంకా ఉంది, వచ్చే వారం చెప్తాను అని పోయిన భాగంలో రాశాను. అది ఒక వారం ఆగుతుంది. ఈ వారం సూపర్‌మ్యాన్ గురించి రాస్తున్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. యాభైకి దగ్గర పడ్డావు, దళిత ఉద్యమం అంటూ తిరుగుతావు, నీకు సూపర్‌మ్యాన్ ఏందని మా ఇంటావిడ ముందే నవ్వేసింది.

దీనికంతటికీ కారణం మా మేనల్లుడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నిరుడు జూలైలో ఒక మీటింగు పని మీద పోయి వాడి రూములో రెండు రోజులు ఉన్నా. అప్పుడే జేమ్స్ గన్ తీసిన కొత్త 'సూపర్‌మ్యాన్' వచ్చింది. తెలుగు డబ్బింగ్ ఆటకి తీసుకుపోయాడు. బయటికొచ్చి టీ తాగుతుంటే, "బాగుంది మామా, కానీ పుస్తకానికి సరితూగలేదు" అన్నాడు.

"ఏ పుస్తకం రా?"

రూముకి పోయాక చేతిలో పెట్టాడు. 'ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్' అని లావుపాటి బొమ్మల పుస్తకం. గ్రాంట్ మారిసన్ రాశాడు, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేశాడు. 2005 నుంచి 2008 దాకా పన్నెండు సంచికలుగా వచ్చింది. కొత్త సినిమాకి ఆ పుస్తకం ప్రేరణ అని గన్ చెప్పాడంట. అంతకుముందే, 2011లో, దాన్ని నేరుగా యానిమేషన్ సినిమాగా కూడా తీశారు. స్కాలర్‌షిప్ డబ్బుల్లో కొన్నానని వాడు చెప్తే ముందు కోపం వచ్చింది. తర్వాత, మేం ఆ వయసులో ఆ డబ్బుల్తో ఏమేం కొన్నామో గుర్తొచ్చి ఊరుకున్నా. పుస్తకం ఒకచోట వీపు విరిగి ఉంది. సెకండ్ హ్యాండ్‌ది అనుకున్నా.

"సినిమాలు దీనికి న్యాయం చేశాయా లేదా, చదివి నువ్వే చెప్పు మామా" అన్నాడు. సంచిలో పెట్టుకుని పుల్లలచెరువు తెచ్చుకున్నా.

అసలు నాకు సూపర్‌మ్యాన్ అంటే ఎన్టీ రామారావు. 1980లో వి. మధుసూదనరావు తీసిన 'సూపర్‌మేన్'. మాకు అది ఐదేళ్లు ఆలస్యంగా, గీతలు పడ్డ రీళ్లతో, డేరా హాల్లోకి వచ్చింది. నాకు ఎనిమిదేళ్లు. నేల టికెట్. ఆ నేలలో కూడా మా మాదిగ పల్లెవాళ్లం ఒక పక్కనే కూచునేవాళ్లం, ఎవరూ చెప్పకుండానే. సినిమాలో పిల్లోడి తల్లిదండ్రుల్ని చంపేస్తారు, ఆంజనేయస్వామి వాడికి బలం ఇస్తాడు, వాడు పెద్దయ్యి ఎన్టీఆర్ అయ్యి పగ తీర్చుకుంటాడు. ఎగరడం చూసి మతి పోయింది. మర్నాడు నాయన తువ్వాలు మెడకి కట్టుకుని చెరువు కట్ట మీంచి దూకా. మోచెయ్యి విరిగింది. ఇప్పటికీ సరిగా చాపలేను.

కట్టు కట్టించుకుని ఇంట్లో పడుకున్న రోజుల్లో పలక మీద సూపర్‌మ్యాన్ బొమ్మలు గీసేవాణ్ణి. మా ఇంట్లో పలకలకి కొదవ లేదు. నాయన, చిన్నాయన మార్కాపురం పక్కన పలకల గనికి పనికి పోయేవాళ్లు. అక్కడే గుడిసె వేసుకుని, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాళ్లు. అంచు విరిగినవి, చట్రం ఎక్కించడానికి పనికిరానివి తెచ్చి నాకిచ్చేవాళ్లు. దొండాకుతో రుద్ది, తుడిచి, మళ్లీ గీసేవాణ్ణి.

ఆ జూలైలోనే కారంచేడు జరిగింది. 1985 జూలై 17. అప్పట్లో మా జిల్లానే, సముద్రం వైపు. తాగునీళ్ల చెరువు మురికి చేస్తుంటే అడిగినందుకు మొదలైన గొడవ. కొట్టడానికొచ్చిన వాళ్లకి ఎదురుగా మున్నంగి సువార్తమ్మ చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. పెద్దవాళ్లంతా ముఖ్యమంత్రి ఏం చేస్తాడో అని మాట్లాడుకుంటున్నారు. ముఖ్యమంత్రి ఎన్టీఆర్. నాకేమో ఆయన సూపర్‌మ్యాన్. "నాయనా, ఆయన ఎగిరొచ్చి ఆపొచ్చు గదా?" అని అడిగా.

"సినిమాలోనే ఎగురుతాడు లేరా" అన్నాడు నాయన.

సరే, మేనల్లుడి పుస్తకం సంగతి. నా ఇంగ్లీషుకి పన్నెండు రోజులు పట్టింది. అందులో సూపర్‌మ్యాన్ చావబోతుంటాడు. సూర్యుడి శక్తే వాడికి బలం. అది మోతాదు మించి ఒంట్లో చేరి కణాలు చెడిపోతాయి. ఉన్న కాస్త టైములో చెయ్యాల్సినవి చేసుకుంటూ పోతాడు. బొమ్మలు ఎంత శుభ్రంగా ఉన్నాయో చెప్పలేను. ఇష్టపడే పెళ్లికూతురి ముఖంలాగా నెమ్మదిగా వెలుగుతున్నాయి. కానీ నాకు అంటుకోలేదు. మంచుకొండల్లో వీడికో కోట, అందులో వింత జంతువులు, ప్రయోగశాలలు. ఇంత ఉన్నవాడు మంచోడుగా ఉండటం పెద్ద గొప్పా అనిపించింది. కొన్ని పేజీలు చూడకుండానే తిప్పేశా, నిజం చెప్పాలంటే.

ఫోన్ చేసి అడిగా: "అల్లుడూ, వీడు మొదట్లో ఎట్టా ఉండేవాడు రా? పుట్టినప్పుడు?"

వాడు 1938 నాటి కథలు సంపాదించి పంపాడు. వాటితోనే నాకు పని పడింది.

అమెరికాలో క్లీవ్‌లాండ్ అని ఒక ఊరు. అందులో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అని ఇద్దరు కుర్రాళ్లు. వలసొచ్చిన యూదు కుటుంబాలు. ఒకడు రాసేవాడు, ఒకడు గీసేవాడు. 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక, 1938 జూన్ తేదీతో వచ్చింది. అందులో వీళ్ల సూపర్‌మ్యాన్ చేసే పనులు చూడండి. చెయ్యని హత్యకి కరెంటు కుర్చీ ఎక్కబోతున్న ఆడమనిషిని కాపాడతాడు. పెళ్లాన్ని కొట్టేవాణ్ణి గోడకేసి కొడతాడు. డబ్బుకి అమ్ముడుపోయే సెనేటర్ గుట్టు లాగుతాడు. రెండో సంచికలో, యుద్ధం రేపి తుపాకులు అమ్ముకునేవాణ్ణి పట్టుకుపోయి అదే యుద్ధంలో సిపాయిగా నిలబెడతాడు. వేరే గ్రహం నుంచి దిగిన రాక్షసులు లేరు. వీధిలో కనపడే రాక్షసులే.

1939 జనవరి సంచికలో పేదల వాడ కథ ఉంది. ఇరుకు ఇళ్లలో పిల్లలు దొంగతనాలకి దిగుతుంటారు. తుఫాను కొట్టిన చోట ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టించిందని సూపర్‌మ్యాన్ పేపర్లో చూస్తాడు. అయితే తుఫాను నేనే అవుతా అని జనాన్ని ఖాళీ చేయించి వాడనంతా కూలగొడతాడు. ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టక తప్పదు. చదివి పగలబడి నవ్వాను. 1977 దివిసీమ ఉప్పెన గుర్తొచ్చింది. పోయిన ప్రాణాల లెక్క తేలాకే గదా పేదవాడికి పక్కా ఇల్లు అనే మాట గట్టిగా వినపడింది. మా దగ్గరైతే కూలగొట్టేదాకా బాగానే జరుగుతుంది. కట్టడం దగ్గరే ఫైలు ఆగుతుంది.

మూడో సంచిక, 1938 ఆగస్టుది. అక్కడ నా నవ్వు ఆగింది.

బొగ్గుగని కూలి ఒక కార్మికుడు ఇరుక్కుంటాడు. కోబర్ అని, వలసొచ్చినవాడు, ఇంగ్లీషు సరిగా రాదు. సూపర్‌మ్యాన్ గనిలోకి దిగి బయటికి తెస్తాడు కానీ ఆ మనిషి జీవితమంతా అవిటివాడిగా బతకాలి. విలేకరి వేషంలో పోయి అడిగితే, గని బాగాలేదని నెలల కిందటే చెప్పామని, ఇష్టం లేకపోతే పని మానుకోమన్నారని చెప్తాడు. యజమాని దగ్గరికి పోతే, వాడి అజాగ్రత్త వల్లే జరిగిందంటాడు. ఆసుపత్రి ఖర్చులో కొంత ఇస్తాం, మహా అయితే ఒక యాభై డాలర్లు చేతిలో పెడతాం అంటాడు.

ఈ ముక్క దగ్గర ఫోన్ పక్కన పెట్టి బయటికొచ్చి వేపచెట్టు కింద కూచున్నా.

పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గుంటలో పలుగుతో పొర లేపి పైకి తెస్తారు, ఉలితో సుత్తితో పల్చగా చీలుస్తారు, షెడ్డులో మిషను మీద కోస్తారు. కోత దగ్గర లేచే దుమ్ము మా నాయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. టీబీ అని మందులు వాడుతూనే పోయాడు. చిన్నాయనది గుంటలో పని. వాన పడితే పొరల మధ్యకి నీళ్లు దిగుతాయి, అప్పుడు గట్టుని నమ్మకూడదు. 1991లో ఒక వాన తర్వాత, గట్టు నెర్రె ఇచ్చింది, రెండు రోజులు ఆగుదామని చిన్నాయన చెప్పాడు. "ఇష్టం లేకపోతే మానుకోరా, గేటు బయట ఇంకా పది మంది ఉన్నారు" అన్నాడు మేస్త్రీ. ఆ మధ్యాహ్నమే రాయి జారి ఎడమ కాలు మీద పడింది. మోకాలి కింద ఏమీ మిగల్లేదు. చూసుకోకుండా దిగాడని యజమాని అన్నాడు. ఆసుపత్రిలో సగం కట్టి, ఐదు వందలు చేతిలో పెట్టాడు.

యాభై మూడేళ్లు తేడా. దేశాలు వేరు, రాయి వేరు. మాటలు మాత్రం అవే.

తర్వాత కథ ఇది. సూపర్‌మ్యాన్ గని కూలీ బట్టలు వేసుకుంటాడు. కథలో చాలాసేపు ఆ బట్టల్లోనే ఉంటాడు. యజమాని ఇంట్లో విందు జరుగుతుంటే దొంగచాటుగా పోయి దొరికిపోతాడు. తాగి విసుగెత్తిన పెద్దమనుషులకి సరదా పుట్టి, పార్టీ గనిలో చేసుకుందాం అని పట్టుబట్టలతో లోపలికి దిగుతారు. సూపర్‌మ్యాన్ చిన్నగా ఒక దూలం కదిలిస్తాడు. దారి మూసుకుపోతుంది. ప్రమాద గంట మోగదు. ఇన్నాళ్లూ పని చెయ్యని గంట అది. కూలీ వేషంలో ఉన్నవాడు ఏమీ తెలియనట్టు కూచుంటాడు. పెద్దమనుషులే పలుగులు పట్టుకుని తవ్వాలి. చేతులు బొబ్బలెక్కుతాయి, కూలబడిపోతారు. యజమానికి బుద్ధొచ్చాక దారి తెరుచుకుంటుంది. దేశంలోకెల్లా భద్రమైన గని నాదే అవుతుందని మర్నాడు ప్రకటిస్తాడు.

ఈ కథని చిన్నాయనకి చెప్పా. డెబ్బై దాటాడు. మంచం మీద కూచుని, కర్ర పక్కన పెట్టుకుని, మొత్తం విన్నాడు. పట్టుబట్టలవాళ్లు పలుగులు పట్టుకున్న చోట పళ్లు లేని నోటితో నవ్వాడు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆ గనాయన మళ్లీ ఎన్నాళ్లకి మామూలోడయ్యాడంట?"

పుస్తకం మీద ఇంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు. యజమాని మనసు మారితే సరిపోతుందా? ఆ కథలో కూలీలంతా ఎక్కడున్నారు? సంఘం ఏది? చట్టం ఏది? నష్టపరిహారం చట్టం మనకి 1923లోనే వచ్చింది. చిన్నాయన పేరు హాజరు పుస్తకంలో లేదు కాబట్టి ఆ చట్టానికి చిన్నాయన కనపడలేదు. సిలికోసిస్ వస్తే ప్రభుత్వానికి తెలియజేయాలని గనుల చట్టంలో ఉండేది. నాయన కాగితాల మీద టీబీ అనే ఉంది.

ఇక్కడ నాకు బాబాసాహెబ్ గుర్తుకు రాకుండా ఎట్టా ఉంటాడు? అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు, 1943 డిసెంబరులో, ధన్‌బాద్ వైపు బొగ్గు గనులకి పోయి భూమి లోపలికి దిగి చూశాడు. మర్నెలలోనే, 1944 జనవరిలో, బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. దూలం కదిలించలేదు, ఎవర్నీ లోపల బంధించలేదు. గని కూలీ బట్టలు కూడా వేసుకోలేదు, ఆయన సూటు మీద ఆయన ఉన్నాడు. యజమాని మంచితనం మీద ఆధారపడని డబ్బు కాగితం మీద పెట్టాడు. ఆ కాగితం పలకల గని దాకా రాలేదు, అది వేరే భాగం రాయాలి.

అయినా ఆ 1938 కుర్రాళ్లంటే నాకు ప్రేమ. వాళ్లకి కోపం ఉంది. ఎవరి మీద కోపపడాలో తెలుసు. ఆ సూపర్‌మ్యాన్ హక్కులన్నీ వాళ్లు 130 డాలర్లకి రాసిచ్చేశారు. దాని మీద ఎంతమంది కోట్లకి పడగలెత్తారో లోకానికి తెలుసు. 1975 చివర్లో, పెద్ద సినిమా రాబోతుండగా, పేపర్లలో గొడవ అయ్యాక, ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను ఇచ్చి, వాళ్ల పేర్లు మళ్లీ వెయ్యడానికి ఒప్పుకున్నారు. మార్కాపురం పలక మీద రాయి తీసినవాడి పేరు ఎప్పుడైనా చూశారా?

ఇక సినిమాలు. 1978లో రిచర్డ్ డోనర్ తీసినది ఇప్పుడు చూశా. క్రిస్టఫర్ రీవ్ ముఖంలో ఎంత దయ! విలన్ రియల్ ఎస్టేటోడు. ఎడారి భూములు కొని, కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో కలిపేసి, తన భూముల రేటు పెంచుకోవాలని చూస్తాడు. మా ప్రాంతం వాళ్లకి చెప్పకుండానే అర్థమయ్యే విలన్. కానీ ఆ భూముల్లో బతికే మనుషులు ఎవరూ కథలో లేరు. చివరికి సూపర్‌మ్యాన్ కాలాన్ని వెనక్కి తిప్పేది తను ప్రేమించిన అమ్మాయి కోసం. ఎన్టీఆర్ సినిమాలో పగ సొంత ఇంటిది. 2024 సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్' ఉంది. అందులో ఊరిని పీడించే గజపతి ఉన్నాడు, నాకు ఆ మొదటి సగం నచ్చింది. కానీ ఎదురు తిరిగే బలం మళ్లీ దేవుడి మణి నుంచే రావాలి. సువార్తమ్మ బిందె ఎత్తడానికి ఏ మణీ అక్కర్లేదు.

గన్ సినిమాకి కొన్ని మార్కులు ఎక్కువే వేస్తా. ట్యాంకుల ఎదుట కర్రలు పట్టుకుని నిలబడ్డ జార్హాన్‌పూర్ జనం ఉన్నారు. దెబ్బ తిన్న సూపర్‌మ్యాన్‌ని గుంటలోంచి చెయ్యి పట్టి లేపిన బండి వ్యాపారి ఉన్నాడు, ఆ ఒక్క సాయానికి ప్రాణం పోగొట్టుకుంటాడు. కానీ ఆ జనానికి ఒక్కరికీ మాట లేదు. జెండా ఎత్తి ఆయన పేరు పిలవడమే వాళ్ల పని.

ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని, పోయిన ఆదివారం మేనల్లుడికి ఫోన్ చేసి తీర్పు చెప్పా. ఏ సినిమా పుస్తకానికి సరితూగలేదు, ఎందుకంటే గని పేజీని అందరూ వదిలేశారు, నీ ఆల్‌స్టార్ వాళ్లతో సహా, అని. గంట సేపు నేనే మాట్లాడా. మీటింగుల్లో అలవాటు.

వాడు అంతా విని, "పదో సంచిక సరిగా చూశావా మామా?" అన్నాడు.

చూడలేదు. తిప్పేసిన వాటిలో అదొకటి.

వాడే చెప్పాడు. అందులో ఒక్క పేజీ ఉంటుందంట. ఎత్తైన బిల్డింగు అంచున ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది. దూకబోతోంది. చేతిలో ఫోన్ జారిపోతుంది. వెనక నుంచి సూపర్‌మ్యాన్ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. నీ డాక్టర్ నిజంగానే ఆలస్యమయ్యారు, నిన్ను వదిలెయ్యలేదు అని చెప్తాడు. నువ్వు అనుకున్న దానికంటే నీకు బలం ఉందని చెప్తాడు. ఆ అమ్మాయి తిరిగి వాణ్ణి పట్టుకుంటుంది. అంతే పేజీ. ఎగరడం లేదు, కొట్టడం లేదు.

2011 యానిమేషన్ సినిమాలో ఆ పేజీ లేదు. గంటా పావులో పన్నెండు సంచికలు పట్టించాలి, తీసేశారు. స్క్రిప్టు రాసింది డ్వేన్ మెక్‌డఫీ. నల్లవాళ్ల హీరోలు నల్లవాళ్ల చేతుల్లోంచే రావాలని 1993లో మైల్‌స్టోన్ కంపెనీ పెట్టిన వాళ్లలో ఒకడు. సినిమా విడుదలకి ముందు రోజు చనిపోయాడు. ఆయన మీద కోపం లేదు మామా, కానీ ఆ పేజీ తీసేస్తే మిగతాదంతా ఎందుకు అన్నాడు.

"అంతగా ఏముంది రా అందులో?" అన్నా. అనకుండా ఉండాల్సింది.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సెకండియర్లో మా ఫ్లోర్‌లో అందరూ నా ర్యాంకు ఎంతని అడిగేవాళ్లు మామా, రోజూ" అన్నాడు. "అప్పుడు కొన్నా ఆ పుస్తకం." ఇంకేదో చెప్పబోయి, ఫోన్లో ఛార్జింగ్ లేదన్నాడు.

సెకండియర్లో వాడు నెలకోసారి ఫోన్ చేసేవాడు. నేను ఏదో ఒక ధర్నాలోనో, కేసు పని మీద కోర్టు దగ్గరో ఉండేవాణ్ణి. బాగా చదువుకో అల్లుడూ, బాబాసాహెబ్‌ని గుర్తుపెట్టుకో అని పెట్టేసేవాణ్ణి.

పుస్తకం తీసి మంచం మీద పెట్టా. వీపు విరిగిన చోట దానంతటదే తెరుచుకుంది. ఆ పేజీనే. కింది మూల వేళ్లు తగిలి తగిలి నల్లబడి ఉంది.

ఈ శనివారం రాత్రి బస్సుకి హైదరాబాద్ పోతున్నా. మీటింగు ఏమీ లేదు. మిరపకోతల సంగతి ఆ పై వారం.